చెయ్యి కడగొద్దప్పా

బద్వేలులో ఉండే శివలీలకు కోడుమూరు నుంచి పక్కింటి పెదనాయన రాస్తాండా.

నువ్వు మీయమ్మ ఫోను ఎత్తడం లేదంట, అందుకే ఈ జాబు. పిల్లల దొంగకు ఆమె అన్నం పెట్టిందని నీకొచ్చిన వీడియో సగమే తల్లీ. ఆయప్ప దుప్పట్లు అమ్ముకునేటోడు. వాట్సాప్ పుకారు నమ్మి ఊరోళ్లు కట్టెలెత్తుకొని తరిమితే మీ ఇంట్లో దూరినాడు. మీయమ్మ గబుక్కున సంగటి పెట్టి, "తినేటోని మీద చెయ్యెత్తే మొగోడు ఎవడ్రా?" అని వాకిట్లో నిలబడింది. ఒక్కడూ కదల్లేదు.

సంగటి అయిపోయినాక, "చెయ్యి కడగొద్దప్పా, కడిగితే తిండి అయిపోయినట్టే" అని ఆయప్ప చెవిలో చెప్పింది. ఎంగిలి చెయ్యి ఎండిపోయినా అట్లే కూర్చున్నాడు.

అంత గుండె నేను యాడా చూళ్లేదు. పోలీసులొచ్చినాకనే మీయమ్మ ఆయప్ప చేతికి నీళ్లు పోసింది.