గురువుగారి బిళ్ళ

అక్కా, నేను క్షేమం. కొత్తవాళ్ళకు నేర్పేదాన్ని, లోతుకు పోను. అమ్మకు ఇంతవరకే చదివి వినిపించు.

సిలిండరు కట్టుకుని సముద్రంలోకి దిగే ప్రతివాళ్ళూ పడవలో కొక్కేనికి తమ పేరు బిళ్ళ తగిలిస్తారు. పైకొచ్చాక తామే తీసుకోవాలి. నిన్న లోతుకు దిగిన మా గురువుగారి బిళ్ళ ఒక్కటే మిగిలింది. ఆయనకు మతిమరుపు. “ఇంకో పడవెక్కి పోయుంటారు, మహానుభావుడు!” అని నవ్వుకుంటూ నేనే తీసేశాను. ఖాళీ కొక్కేలు చూసి సరంగు పడవ తిప్పేశాడు. పొద్దున గురువుగారి శవం దొరికింది.

చెల్లిని ఇక్కడ పనికి పంపకు. అమ్మ కంటి ఆపరేషన్ ఎప్పుడు? పిల్లలకు నా ముద్దులు.

కొక్కేలు చూశానని సరంగు ఒట్టేసి చెప్తున్నా ఎవరూ నమ్మడం లేదు. బిళ్ళ నా జేబులోనే ఉంది.