జానెడు దూరానికో లైటు

చిరంజీవి పిడుగుకి,

ఆశీస్సులు ఉత్తరం అడుగున ఉన్నాయి, వెతుక్కో. ముందు తిట్లు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్నకి మోకాలు మెట్లెక్కేటప్పుడు మాత్రమే గుర్తొస్తోందట, కాబట్టి దాని సంగతి అడగడం ఇక మానెయ్. నువ్వు క్షేమమని రాసిన ముక్క మాత్రం నేను నమ్మలేదు.

ఎలా నమ్మను? మీ క్యాంపు భోజనం గురించి ఒక పేజీ రాశావు. జీపు బురదలో దిగబడితే ఎవరెవరు తోశారో ఇంకో పేజీ రాశావు. చివర్న, సంతకం పక్కన, చీమతలంత అక్షరాలతో ఇది రాశావు: "మొన్న టార్చి ఆరిపోతే ఫోను లైటుతో నడిచాను. ఎండుటాకులనుకుని పాము మీద కాలు వెయ్యబోయాను. నాతో వచ్చే సర్వేయరు కాలర్ పట్టుకుని వెనక్కి లాగాడు. భలే నవ్వుకున్నాం నానమ్మా." అంత నవ్వొచ్చే సంగతైతే మొదటి పేజీలోనే రాసేదానివి. నాకు నవ్వు రాలేదు. చేతిలో టీ చల్లారిపోయింది, అంతే.

అడవిలో పాముల్ని వెతికి లెక్కపెట్టే ఉద్యోగం నీది, సరే. ఎవరో ఒకరు లెక్కపెట్టాలి. కానీ ఇద్దరు మనుషుల్ని చీకట్లోకి తోలి, ఇద్దరికీ కలిపి ఒక్క టార్చి ఇచ్చిన మీ ఆఫీసరు ఉన్నాడే, ఆయన్ని ఒకసారి లైటు లేకుండా ఆయనింటి మెట్లే దిగమను. ఇంకోటి అడగడానికి మొహమాటమేసిందని రాశావు. కాలు పోయాక ఆ మొహమాటాన్ని ఏం చేసుకుంటావే?

ఇక నువ్వడిగినవాటికి జవాబులు. నీ స్నేహితురాలి టార్చి కిలోమీటరు దూరం కొడుతుందట, అలాంటిది కొననా అన్నావు. కిలోమీటరు అవతలున్న పాముతో నీకేం పని? అది నీ జోలికి రాదు, నువ్వు దాని జోలికి పోవు. నీ పాదానికి జానెడు దూరంలో ఉన్నదాన్ని చూపించే లైటు కావాలి నీకు. వెలుగు సూదిలా పోకూడదు, చాపలా పరుచుకోవాలి.

తలకి కట్టుకునే లైటు అయితే చేతులు ఖాళీగా ఉంటాయి కదా అన్నావు. ఉంటాయి, మొహమ్మీద వాలే పురుగుల్ని తోలుకోవడానికి. కంటి పక్కనే దీపం ఉంటే నీడలన్నీ వస్తువు వెనక్కి పోయి దాక్కుంటాయి. నేలంతా ఇస్త్రీ చేసినట్టు కనిపిస్తుంది. అదే లైటు చేత్తో నడుము దగ్గర పట్టుకుంటే ప్రతి ఆకు నీడా పక్కకి పడుతుంది, గుండ్రంగా ఉన్నది గుండ్రంగా తెలుస్తుంది. కాబట్టి చేత్తో పట్టుకునేదే.

రంగు సంగతి నువ్వు అడగనే లేదు. అసలు అడగాల్సింది అదే. అద్దకం మిల్లు ల్యాబులో నా ఉద్యోగమంతా గోధుమ రంగుకీ గోధుమ రంగుకీ తేడా చెప్పడంతోనే గడిచింది. నీలం కొట్టే తెల్లలైటు కింద పెడితే ఎండుటాకూ, మట్టీ, తోలూ ఒకే బూడిదలా కనపడతాయి. పసుపు కలిసిన తెలుపు కింద పెట్టు, దేని రంగు దానికి వస్తుంది. మా మిల్లులో అయితే ఆ తేడా తెలియనివాడు పంపిన గుడ్డతో కోటు కుడితే ఒళ్లు ఒక రంగు, చెయ్యి ఒక రంగు అయ్యేది. నీకు అంత చవగ్గా పోదు.

బజారుకెళ్లాను. షాపువాడు పెద్ద టార్చి తీసి నా కళ్లలోనే కొట్టాడు.

"ఇంతకంటే వెలుగు ఎక్కడా దొరకదమ్మా."

"ఇప్పుడు నాకు నువ్వు కూడా కనపడటం లేదు నాయనా. పసుపు వెలుగుది తియ్యి."

"దేనికమ్మా?"

"పాముల్ని వెతకడానికి."

"ఆగండి, కర్ర కూడా ఇస్తాను" అని లోపలికి పోయాడు. కొట్టడానికి కాదు, లెక్కపెట్టడానికి అంటే, మా ఇంట్లోవాళ్లెవరైనా వెంట వచ్చారేమోనని నా వెనక్కి తొంగి చూశాడు. చివరికి, నచ్చనివి వెనక్కి తెస్తానని నాలుగు రకాలు పట్టుకొచ్చాను.

స్టోర్ రూము కిటికీకి అట్టలు కొట్టి పట్టపగలే చీకటి చేశాం. పెరట్లో ఆకులన్నీ ఊడ్చి అందులో పోశాం. మీ నాన్న గోధుమ రంగు తోలు బెల్టు వాటిల్లో పడేశాం. ఆ పూట వాడు ఒక చేత్తో ప్యాంటు, ఒక చేత్తో బ్యాగు పట్టుకుని ఆఫీసుకెళ్లాడు.

"పోశాం", "పడేశాం" అని రాస్తున్నానని గమనించే ఉంటావు. చెప్పనని ఒకరికి మాటిచ్చాను. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను, నాకేం సిగ్గుగా లేదు.

నా కళ్లకి పొరలొచ్చాయి. ఆపరేషన్ చేస్తారట, కంగారు పడకు. ఇప్పుడు నాకు లోకమంతా టీ రంగులోనే ఉంది. నాలుగు లైట్లూ వేసి చూశాను, ఒక్కదాంట్లోనూ బెల్టు కనపడలేదు. ఈ లైట్లు నేను ఎంచలేదు. మీ అమ్మ ఎంచింది.

అవును, మీ అమ్మే. "ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్లూ గడప తొక్కకు" అన్న మనిషే. నువ్వు "సరే" అని సంచీ తీసుకుని పోయావు. అప్పట్నుంచి నీ ఉత్తరాల్లో "ఇంట్లో అందరూ" తప్ప అమ్మ అన్న మాట లేదు. పాము బొమ్మ ఉందని క్యాలెండరే తిప్పి పెట్టిన మనిషి, ఆ పేరు నోటితో అనదు, "అది" అంటుంది. నీ చీమతలకాయల ముక్క భూతద్దం పెట్టి చదివి వినిపించాను. వినగానే చీపురు తీసుకుని పెరట్లోకి పోయింది.

నాలుగు లైట్లూ అయ్యాక ఫోను లైటు వేసి చూస్తానంది. చెప్పులు విడిచింది. "ఎందుకే అమ్మాయ్?" అంటే వినలేదు. రెండడుగులు వేసి సరిగ్గా బెల్టు మీదే కాలు వేసింది. అరవలేదు. కాలు తియ్యలేదు. అలాగే నిలబడిపోయింది.

"అత్తయ్యా, దీని మీదే కదా పిల్ల అడుగు వెయ్యబోయింది?"

"పక్కనున్నవాడు లాగేశాడుగా."

"ఆ పిల్లాడికి కూడా ఒక లైటు పంపండి."

అందుకే పార్సిల్లో ఒకే రకానివి రెండున్నాయి. ఒకటి నీకు, ఒకటి నీ కాలర్ పట్టుకున్నవాడికి. వాటితోపాటు ఇంకో చిన్నదీ పెట్టాను, అది జేబులో ఉంచు, పెద్దది ఆరిపోతే వెలిగించుకోవడానికి. నీకు పంపమని ఆవిడ నోటితో అనలేదు. నీ లైటుకి మణికట్టు తాడు మాత్రం తనే అల్లింది, రెండుసార్లు విప్పి మళ్లీ అల్లింది. ఎవరు ఎంచారో తెలిస్తే పార్సిల్ తిప్పి పంపేంత పొగరు నీకుందని నాకు తెలుసు. ఆ పొగరు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో కూడా తెలుసు. పంపితే నేనే వచ్చి నీ చేతికి కట్టి వెళ్తాను, కళ్లు కనపడకపోయినా.

మీ నాన్న వేరే బెల్టు కొనుక్కున్నాడు. పాతది ఇంకా ఆ ఆకుల్లోనే ఉంది. మీ అమ్మ రోజూ టీ తాగాక ఫోను పట్టుకుని ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటోంది. నిన్న తలుపు తీసుకుని వచ్చి, "దొరికింది అత్తయ్యా, పాము" అంది. ఆ మాట అన్నట్టు తనకే తెలియలేదు.

నీకు నా ఆశీస్సులు. దీనికి జవాబు నాకు రాయకు. కవరు మీద అడ్రసు అదే ఉంచి, పేరు మీ అమ్మది రాయి. తిట్లే రాసినా సరే.

ఇట్లు,
మీ ఇద్దరి మధ్యా పోస్టుడబ్బా ఉద్యోగానికి ఇవాళ్టితో రాజీనామా ఇచ్చిన
నీ నానమ్మ