నీళ్ల బండి ఎక్కిన చోట

నవంబర్ 9
యాభై నిండేలోపు ఇరవై ఒక్క కిలోమీటర్లు పరుగెత్తాలి. డిసెంబర్ పోటీకి పేరు ఇచ్చేశాను. ఒంటరిగా సాధన కుదరడం లేదు. అక్క భర్త రాజలింగు బావను తోడు పిలిచాను. అక్క నవ్వింది — "బస్సు పోతుంటెనే ఉరకనోనివి... గిప్పుడేం ఉరుకుడు తమ్మీ?"

నవంబర్ 16
స్టేడియం చుట్టూ నాలుగు రౌండ్లు. మోకాలు వాచింది. బావ రెండో రౌండులోనే కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు భూగర్భ గనిలో... ఊపిరి చాలదు. కంపెనీ మెడికల్ బోర్డుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అన్‌ఫిట్ అంటే ఉద్యోగం కొడుక్కి.
"గిట్ల ఉరుకుతుంటే డాక్టర్లు నమ్ముతరా, బామ్మర్దీ?"
నడిస్తే చాలు, అన్నాను.

నవంబర్ 30
ఆరు కిలోమీటర్లు. వాంతి.

డిసెంబర్ 14
పరుగు. బసంత్‌నగర్ దాటాక లారీల దుమ్ము. సగం నడక, సగం పరుగు. పద్నాలుగో కిలోమీటరు — బావ రోడ్డు పక్కన కూలబడ్డాడు. పెదాలు నల్లబడ్డాయి. నిర్వాహకుల నీళ్ల బండి ఎక్కించాను. నేనూ ఎక్కాను. నా కాళ్లూ ఇక సాగలేదు. ముగింపు గీతకు కాస్త ముందు దిగాం. చేతులు పట్టుకుని దాటాం. మెడల్ వేశారు. ఎవరూ అడగలేదు.

డిసెంబర్ 15
మా పేపర్లో ఫొటో. కింద వాక్యం నేనే రాశాను — 'పూర్తి దూరం పరుగెత్తిన విలేకరి, అలుపెరగని గని కార్మికుడు'. ఇద్దరి పేర్లూ. ఇరవై ఆరేళ్ల వృత్తిలో ఇలాంటి విశేషణం వాడలేదు.

జనవరి 22
బోర్డు బావను ఫిట్ అంది. ఫైల్లో మా పేపర్ ముక్క ఉందట. పంపిందెవరో తెలియదు. రాసిందెవరో తెలుసు.

జనవరి 23
అక్క తలుపు తీసింది. కూర్చోమనలేదు. "నీ పేపరుకు ఫొటో దొరికింది. నా కొడుక్కి నౌకరి పోయింది." లోపల బావ దగ్గు.

జనవరి 25
బోర్డుకు అప్పీలు. నా సాక్ష్యం జతచేయాలి. రాశాను — ఫలానా చోట ఆయన కూలబడ్డారు, మిగతా దూరం బండిలో వచ్చారు. అన్నీ వాస్తవాలే. నేనెక్కింది మాత్రం రాయలేదు. రాస్తే తప్పుడు వార్త వేసినవాణ్ని, ఉద్యోగం ఉండదు.

బావ రెండుసార్లు చదివాడు.
"మొత్తం ఉరికినవని పేపర్ల రాసుకున్నవ్. మరి నేను బండెక్కింది, అండ్ల వచ్చింది నీకెట్ల ఎరుక అని అడుగుతరు గదా, బామ్మర్దీ?"
కోపం లేదు. అడిగాడంతే.

రేపు పొద్దున ఇవ్వాలి. సంతకం చేయలేదు. చింపనూ లేదు.