చింతచిగురు అసలు పేరు

చింతచిగురూ,

నన్ను బ్లాక్ చేశావు కాబట్టి కాగితం మీద పోట్లాడుతున్నాను. సోమవారం మనం మొదటిసారి కలుద్దామనుకున్నప్పుడు నేను భయపడి పారిపోలేదు. కోకాపేటలో మీ ఆఫీసు గేటు దగ్గరే గంటసేపు నిలబడ్డాను. ఎవరి కోసమని సెక్యూరిటీ ఐలయ్యగారు అడిగితే నీ ఆన్‌లైన్ పేరే చెప్పాను.

"చింతచిగురా? అసలు పేరేందమ్మా?"

ఐదేళ్ల స్నేహంలో నీ పంటినొప్పి, మీ అమ్మగారి అలకలు, నువ్వు ఎగ్గొట్టిన పెళ్ళిచూపులు అన్నీ తెలుసు. పేరే తెలియదు. నిన్నే అడుగుదామంటే ఫోనులో ఛార్జింగ్ లేదు.

"పేరు తెల్వకుంట దోస్తెట్లయితదమ్మా?" అని ఆయన ఒకటే నవ్వు.

ఇంటికెళ్ళి చూస్తే అప్పటికే బ్లాక్ చేశావు, తొందరమనిషీ! నీ పచ్చ హెల్మెట్ గుర్తు చెప్పి ఈ ఉత్తరం ఆయనకే ఇస్తున్నాను. శుక్రవారం ఐదింటికి గేటు దగ్గరుంటాను. కోపంతోనైనా సరే, కిందికి రా.

అన్నట్టు, నా పేరు నువ్వూ ఎప్పుడూ అడగలేదు. వస్తేనే చెబుతాను.