ఖాళీ గడి

స్వాన్సీ, వేల్స్
మంగళవారం

నెరిస్ తల్లీ,

ముందు నీ మీద కోపం వెళ్లగక్కనీ, కుశల ప్రశ్నలు తర్వాత. మా మంగళవారం క్లినిక్ ఎత్తేస్తున్నారట. నర్సు రియానన్ మొహం వేలాడేసుకుని చెప్పింది. వేలమంది మానసిక రోగుల రికార్డులు, పేర్లు తీసేసి, నువ్వు పనిచేసే పరిశోధన బృందం పరిశీలించిందట. మాలాంటివాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఆసుపత్రిలో చేరలేదు కాబట్టి కుదురుగా ఉన్నట్టేనట. ఇకమీదట ఫోన్‌లో పలకరిస్తే సరిపోతుందట.

వైద్యం బాగుపడుతుందక్కా అని నువ్వు చెబితే నేనే కదా మురిసిపోయి, నా రికార్డులు కూడా వాడుకోండి అన్నాను! ఇదా మీరు ఉద్ధరించింది?

పోయిన చలికాలమంతా నేను మంచం దిగలేదు. ఎప్పుడో పోయిన నాన్న గోడలోంచి తిడుతూనే ఉన్నాడు. నువ్వు ఫోన్ చేస్తే జలుబన్నాను. క్లినిక్‌కి రాలేదేమని రియానన్ ఇంటికొచ్చి తలుపు బాదింది కాబట్టి బతికాను. ఆసుపత్రికి పదమంటే ససేమిరా అన్నాను. తనే రోజూ వచ్చి మందులు మింగించి, తల దువ్వి వెళ్లేది. అదంతా తను నా రికార్డులో రాసే ఉంటుంది. మీరేమో ఆసుపత్రిలో చేరిన తేదీలు రాసే గడి ఒక్కటే చూశారు. అది ఖాళీ. ఖాళీ అంటే క్షేమం అనుకున్నారు.

ఎందుకు చేరలేదో తెలుసా? ఏళ్ల క్రితం, ఆఖరిసారి నేను వార్డులో ఉన్నప్పుడు నువ్వు నా చేయి పట్టుకుని ఏడ్చావు. "ఇంకెప్పుడూ ఇక్కడికి రానని మాటివ్వక్కా, నిన్నిలా చూడలేను" అన్నావు. మాటిచ్చాను. నీ ఏడుపు చూడలేక దాచుకున్న రోగాన్ని ఆరోగ్యం కింద జమకట్టి, నాకున్న ఒక్క ఆసరా ఊడబీకుతున్నారు. నిన్నేమనాలో నాకు తెలియడం లేదు.

నీ అక్క,
ఐర్లిస్


స్వాన్సీ
శుక్రవారం

నెరిస్,

నీ జవాబు అందింది. ఎవరి రికార్డు ఎవరిదో మీకు తెలియదనీ, ఒక్కరి మాట మీద లెక్క మారదనీ రాశావు. సరే, ఒప్పుకుంటున్నాను. నర్సులు రాసినవి కూడా చదవాలని మీ పెద్దాయనతో పోట్లాడావట, అవి చదివేవరకూ క్లినిక్ ఉంటుందట. మంచిది. ఆ బుద్ధి ముందే ఉంటే నాకింత చేతినొప్పి తప్పేది.

ఈ ఉత్తరం వార్డులోంచి రాస్తున్నాను. కంగారుపడకు. నాన్న మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి దుప్పటి ముసుగేసుకోలేదు, నేనే రియానన్‌కి ఫోన్ చేసి తీసుకెళ్లమన్నాను. మీ లెక్క సరిచేయడానికి చేరాననుకునేవు, అంత త్యాగం నాకు లేదు. భయమేసి చేరాను. ఇక్కడ టీ ఇప్పటికీ కుడితిలాగే ఉంది, పక్క మంచం ఆవిడ పొద్దస్తమానం నా చెప్పులు వేసుకుని తిరుగుతోంది.

నీకిచ్చిన మాట తప్పాను. అలాంటి మాట నువ్వు అడగకుండా ఉండాల్సింది, నేను ఇవ్వకుండా ఉండాల్సింది. ఆదివారం చూడ్డానికి రా. ఏడుపొస్తే ఏడువు, నేనేం అనుకోను.

నాకు బాగోలేదు, నెరిస్. నీకు ఈ మాట చెప్పడం ఇదే మొదటిసారి.

అక్క,
ఐర్లిస్