యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది

మాస్టారూ, నమస్కారం. మీరు వెళ్ళిపోయి ఏడు నెలలైంది.

మీరు తప్పు చేశారు. మమ్మల్ని కొట్టినందుకు అనడం లేదు. అది తప్పేనని మీరే ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకున్న మాట నాకొక్కదానికే చెప్పి, ఊరికి చెప్పకుండా పోయారు. అదీ మీ తప్పు. దాని ఫలితం ఇప్పుడు నా ఆఫీసు గదిలో గోడకి ఆనించి ఉంది.

ఏంటంటారా... గాజు ఫ్రేము. అందులో ఓ పక్క మీ ఫొటో, ఓ పక్క బెత్తం. నిగనిగలాడే కొత్త బెత్తం, రెండు చివర్లా ఇత్తడి పొన్నులు. మన లంక బడి పాత విద్యార్థుల సంఘం చేయించింది. నాలుగో తరగతి గదిలో, నల్లబల్ల పక్కన తగిలించాలట. మీ జ్ఞాపకార్థం. ఇప్పుడు ఆ బడికి హెడ్మిస్ట్రెస్‌ని నేను కాబట్టి మేకు కొట్టించే పని నాది.

అసలు మీ చేతిలో బెత్తం ఎవరు చూశారు మాస్టారూ? మీది చింతబరికె. దెబ్బలు తినాల్సినవాడే వెళ్ళి విరుచుకు రావాలి. సన్నగా ఉంటే "నీ మీద నీకే జాలేంట్రా? ఇంకోటి పట్రా" అని వెనక్కి పంపేవారు. తన దెబ్బకి తానే కొమ్మ ఎంచుకోవడానికి వెళ్ళే ఆ నడక... దాన్ని ఏ ఫ్రేములో బిగిస్తారు వీళ్ళు?

సంఘానికి పెద్ద మన సత్తిబాబు. రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం. మీ దగ్గర అందరికంటే ఎక్కువ తిన్నవాడు. మీకు సన్మానం చేసిన రోజు వేళ్ళ కణుపులు చూపించి, మాస్టారు కొట్టబట్టే మనుషులమయ్యామండీ అని మైకులో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మీరు శాలువా కప్పుకుని నవ్వుతూ కూర్చున్నారు. ఆ రోజు లేచి ఒక్క మాట అనుంటే...

అనలేదు. అందుకే నాకు కోపం.

నాకు చెప్పిన మాట గుర్తు చేయనా?

వానరోజు. సైకిలు మీద అరటిగెల కట్టుకుని కాలవగట్టు వెంట వస్తూ జారిపడ్డారు. కుడి ముంజేతికి సిమెంటు కట్టు. అయినా సెలవు పెట్టలేదు. కొట్టడానికి లేదు, బోర్డు మీద రాయడానికీ లేదు. గతిలేక పిల్లల చేతికి సుద్దముక్క ఇచ్చి, మీరెళ్ళి వాళ్ళ బెంచీ మీద కూర్చున్నారు.

ఒక పిల్ల యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసి ఇరవై ఆరు అని రాసింది. నాలుగో తరగతిలో ఏటా కొందరు చేసే తప్పే. ఏటా మీరు బరికె తెప్పించే తప్పే. ఆ రోజు చెయ్యి లేవక, ఎలా చేశావమ్మా అని అడిగారు. ఎనిమిదిలోంచి రెండు పోతే ఆరు, అయిదులోంచి మూడు పోతే రెండు అంది. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యాలని మీరే చెప్పారుగదండీ అంది.

నేను చూడ్డానికి వచ్చినప్పుడు ఇదంతా చెప్పారు. తర్వాత అన్నారు: "వాళ్ళు తప్పు చెయ్యలేదమ్మాయ్. నేను చెప్పిందే చేశారు. ఇన్నేళ్ళూ నా మాట విన్నవాళ్ళనే కొట్టాను."

కట్టు విప్పాక కూడా మీరు మళ్ళీ బరికె తెప్పించలేదు. రిటైరయ్యేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నారు. ఆ ఆఖరి నాలుగేళ్ళ పిల్లలు సంఘంలో ఒక్కరూ లేరు. చెప్పుకోవడానికి వాళ్ళ దగ్గర దెబ్బలు లేవు మరి.

నా సంగతీ దాచను. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి మూడేళ్ళు. పిల్లల్ని కొట్టేవాళ్ళ మీద పత్రికల్లో నిప్పులు చెరిగేదాన్ని. సంచిలో చెక్క స్కేలు ఉండేది. మీరు దాన్ని చేతిలోకి తీసుకుని, "దీని అంచెలా విరిగింది ప్లీడరుగారూ?" అన్నారు. ప్రతిదానికీ వాదిస్తానని చిన్నప్పుడు మీరే పెట్టిన పేరు. పిల్లల మీదే విరిగిందని ఆ పూట మీ ముందు ఒప్పుకున్నాను.

మొన్నేమైందో వినండి. సత్తిబాబు మనవరాలు ఇప్పుడు నాలుగో తరగతి. తీసివేతలు దిద్దించుకోవడానికి నా గదికి వచ్చింది. ఫ్రేము చూసింది. పుస్తకంతో సహా రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది. ఆ పిల్లని మా బళ్ళో ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు. మరి ఆ చేతులకి ఎవరు చెప్పారు?

మర్నాడు పుస్తకం అడిగితే ఇంటి దగ్గర మర్చిపోయానండీ అంది. ఆ మర్నాడూ అదే మాట. ఆ పుస్తకంలో ఏం తప్పుందో నాకు ఇంతవరకూ తెలీదు. తెలియకుండా ఏం నేర్పను మాస్టారూ?

ఫ్రేము వద్దన్నాను. ఊరికి కోపం వచ్చింది. మాస్టారి పేరు చెడగొడుతోందని కొందరు, ఈవిడ తిన్నవి చాల్లేదని కొందరు. సంఘం వాళ్ళు బడికిస్తామన్న ఫ్యాన్లూ ఆగిపోయాయి. ఎండాకాలం ఆ గదులెలా ఉంటాయో మీకు తెలుసు... అయినా సరే.

ఆదివారం మీటింగు. మీ చేతికట్టు సంగతి అందరి ముందూ చెప్పేస్తాను. చెప్పమని మీరనలేదు. వద్దనీ అనలేదు. బతికుంటే ఒప్పుకునేవారా? ఏమో... కోపమొస్తే రానివ్వండి, పడతాను. ముందు నా స్కేలు సంగతి చెప్పి, ఆ తర్వాతే మీది చెప్తాను.

అక్కడ నేను అడగబోయేవి ఇవి. ముందు మీకు చూపిస్తున్నాను.

ఒకటి. ఆ బెత్తం గోడకెక్కదు. తెచ్చినవాళ్ళే తీసుకెళ్ళాలి.

రెండు. మాస్టారి ఫొటో ఉండాలి. నాలుగో తరగతిలోనే, పిల్లలకి అందే ఎత్తులో.

మూడు. ఫ్యాన్లు ఇస్తే షరతు లేకుండా ఇవ్వాలి. లేకపోతే కిటికీలు తెరుచుకుని కూర్చుంటాం.

నాలుగు. తోలు తీసేయండి, కళ్ళు మాత్రం వదిలెయ్యండి అంటూ ఎవరూ పిల్లని నాకు అప్పజెప్పకూడదు.

అయిదు. లెక్క తప్పిన పిల్లని ముందు ఎలా చేశావని అడగాలి. బళ్ళో మేమూ, ఇంట్లో మీరూ. పూర్తిగా చెప్పేదాకా వినాలి.

ఆరు. పిల్లల మీద చెయ్యి చేసుకున్నవాళ్ళు ఆ పిల్లల ముందే తప్పు ఒప్పుకోవాలి. చాటుగా, ఒక్కరి చెవిలో చెప్పుకుంటే చెల్లదు.