అమ్మకు చెప్పని ఒక్క మాట

14 సెప్టెంబరు 1982, మంగళవారం

బాపూ,

అమ్మ తలలో ఉబ్బిన రక్తనాళం ఒకటి కాదు, రెండట. పొద్దున పెద్ద డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగులో పట్టి చూపించాడు. కుడివైపుది పోయిన వారం చిట్లింది. ఎడమవైపుది ఇంకా చిట్లలేదు.

రేపు కుడివైపు తెరిచి, చిట్లినదానికి మళ్లీ రక్తం కారకుండా చిన్న క్లిప్పు పెడతారు. వీలైతే అదే దారిలో ఎడమవైపు దాన్నీ అందుకుంటారు. లోపల వాపు ఎక్కువగా ఉంటే దాన్ని ముట్టుకోరు. కొన్ని వారాల తర్వాత ఎడమవైపు ఇంకో ఆపరేషన్ చేస్తారు. ఆయన ఇదంతా ఇంగ్లీషులో చెప్పాడు. అమ్మకు తెలుగులో చెప్పింది నేను.

"రెండూ ఒక్కసారే చేస్తరమ్మా" అన్నాను.

అమ్మ నవ్వింది. "గట్లయితే మంచిదే బిడ్డా. రెండుసార్లు గుండు చేయించుకుంటనని నేనేమన్న గుట్ట దేవునికి మొక్కిన్నా?" అంటూ ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేసింది.

"వీలైతే" అన్న మాట నేను వదిలేశాను బాపూ. దొరికిన ప్రతి కొత్త ఇంగ్లీషు మాటనూ నోటుబుక్కులో ఎక్కించుకునే నాకు, ఆ చిన్న మాట నోట రాలేదు. నయాపూల్ కోర్టు ముందు అర్జీలు రాస్తూ నువ్వు అనేవాడివి: "చెప్పినోళ్ల మాట ఒక్కటి ఇడిసినా అర్జీ మనదైతది బిడ్డా, వాళ్లది కాదు." నువ్వు పోయి నేటికి మూడేళ్లు.

కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. రేపు పొద్దున ఆరింటికి అమ్మకు గుండు చేసే అతను వస్తాడు. నేను ఐదున్నరకే వెళ్లి, ఆ మాటతో సహా మొత్తం మళ్లీ చెబుతాను. అమ్మ సరేనంటేనే కాగితం డాక్టరుకు ఇస్తాను.